కోసేసిన రెండు వాక్యాలు

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై ఇరవై రోజులైంది. బడులు తెరవలేదు. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద బస్సుల చప్పుడే లేదు. మట్టయ్య సారు చాయ్ తాగి కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఒకప్పుడు ఆయన బ్లాగులో టపా రావాలంటే రెండు నెలలు పట్టేది. వస్తే పది పేజీలుండేది. భార్య తిరుపతమ్మ పోయిన ఈ ఏడు నెలల్లో అదీ లేదు. అందుకే సమ్మె మొదటి రోజున ఒక నియమం పెట్టుకున్నారు. రోజూ రాయాలి, ఐదు వాక్యాలు దాటకూడదు.

నిన్నటి టపాకు అరవై మూడు వ్యాఖ్యలు వచ్చాయి. ఆయన సంబరపడేలోపే గుంటూరు నుంచి వచ్చిన కోడలు బిందుమాధవి వచ్చి నిలబడింది.

"మావయ్యా, నా గురించి రాశారా?"

"నీ గురించి ఎందుకు రాస్త బిడ్డా? పచ్చిపులుసు గురించి రాసిన."

"'మా పచ్చిపులుసులోకి బెల్లం చొరబడ్డది, వంటింట్ల తెలంగాణ ఎప్పుడొస్తదో' అన్నారు. కింద అజ్ఞాతలు ఏం రాశారో చూడండి. కోడల్ని గుంటూరు బస్సెక్కించమంటున్నారు."

"బస్సులేడున్నయి ఇప్పుడు?"

ఆమె నవ్వలేదు. "మా నాన్న చదివారు. కారు పంపిస్తానంటున్నారు. మీ అబ్బాయికి ఇంకా చెప్పలేదు. మీరు వెళ్లమంటే వెళ్తాను."

"గట్లంటవేంది? మస్కిరికి, నవ్వులాటకు రాసిన."

"ఆ బెల్లం ఎవరడిగితే వేశానో మీకు తెలియదా?"

తెలుసు. చివరి నెలల్లో నోరంతా చేదుగా ఉందని తిరుపతమ్మే అడిగి వేయించుకుంది. ఈ పిల్లే పక్కన కూర్చుని చెంచాతో తాగించింది. అత్త పోయాక కూడా అలాగే బెల్లం వేసి చేస్తోంది. నిన్నటి టపాలో ఆ సంగతి రెండు వాక్యాల్లో రాశారు కూడా. అప్పుడు మొత్తం ఏడు వాక్యాలయ్యాయి. నియమం ప్రకారం రెండు కోసేయాలి. వేలు సూటిగా ఆ రెండింటి మీదికే వెళ్లింది.

అలా కోయడం నిన్న ఒక్కరోజే కాదని ఆయనకు ఇప్పుడు తెలిసింది. ఈ ఇరవై రోజుల్లో ఆమె పేరు వచ్చిన ప్రతిచోటా కోశారు.

టపా తీసేశారు. చదివినవాళ్ల మనసుల్లోంచి తీయలేరు.

"తప్పయింది బిడ్డా. నాయినకు ఫోన్ కలుపు."

గుంటూరులో పట్టాభి ఫోనెత్తారు. "చెప్పండి బావగారూ, తొందరగా."

"తొందరగ చెప్తేనే తప్పయింది బావగారూ. జర మొత్తం వినుండ్రి. మా తిరుపతమ్మకు కార్తీకమాసంల అన్నం సయించకుండయింది..."

ఆయన చెబుతూనే ఉన్నారు. బిందుమాధవి పొయ్యి ఆపి వచ్చి, మామగారి కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది.