గడువు తీరిన స్టే

గనులకు పేలుడు సామాను సరఫరా చేసే కంపెనీలో లా ఆఫీసర్ జకర్యా. అతని శవం హుస్సేన్‌సాగర్‌లో తేలింది. జేబులో కళ్లజోడు చెక్కుచెదరలేదు. మెడ వెనుక మాత్రం చిన్న రంధ్రం ఉంది.

నెల తిరగకముందే ఆ కుర్చీలో జ్ఞానశేఖర్ కూర్చున్నాడు. బందరు మనిషి, మద్రాసులో లా చదివాడు. అతను ఇండియన్ యూనియన్ గూఢచారి అన్న సంగతి మాత్రం కంపెనీకి తెలియదు. రహస్య నామం 'వాయిదా'.

1948 సెప్టెంబరు, శనివారం. సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లోని గడియారాల రిపేరు దుకాణంలో అతను అడుగుపెట్టాడు.

"నా గడియారం వెనకబడుతోంది."

"జమానాయే ఎనకబడ్డది సాబ్. కూసోండ్రి." దుకాణం యజమాని బ్రహ్మచారి కంటికున్న భూతద్దం తీశాడు. హైదరాబాద్ స్టేట్‌లో యూనియన్ గూఢచారులకు ఆర్డర్లు అందేది ఈ దుకాణం నుంచే. బల్ల మీద ఇత్తడి గడియారం ఒకటి పొట్ట విప్పి పడుంది.

"ఇదెవరిది?"

"ఎవరో దొరసానిది. అది ఇడిసిపెట్టుండ్రి. సోమారం పగటీలి మీ కంపెనీ వ్యాగన్ కదుల్తది. నిండా జిలెటిన్. లాలాగూడ యార్డుకు పోయినంక ఆడ పేల్తది."

"క్రాఫ్ట్?"

"వాని పనే."

క్రాఫ్ట్ కంపెనీకి విదేశీ టెక్నికల్ అడ్వైజర్. అసలు వృత్తి దొంగ ఆయుధాల సరఫరా. లాలాగూడ రైల్వే కాలనీ పేలిపోతే తప్పు నీదంటే నీదని నిజాం వైపువాళ్లకూ యూనియన్ వైపువాళ్లకూ మధ్య ఊరూరా కత్తులు లేస్తాయి. అప్పుడు వాడి తుపాకులు రెండు వైపులా అమ్ముడుపోతాయి. ఐతే లా ఆఫీసర్ క్లియరెన్స్ లేనిదే పేలుడు సామాను గోడౌన్ దాటకూడదు. జకర్యా సంతకం పెట్టనన్నాడు.

"నేనూ పెట్టనంటే?"

"మీరు సుత చెరువుల తేల్తరు. ఇంకొకడు పెడ్తడు. అందుకే పెట్టుండ్రి. పెట్టినంక బండి ఆపుండ్రి."

"ఎలా?"

"అది మీ వకీళ్ల పని. కానీ తుపాకి పేలొద్దు. ఒక్క నిప్పురవ్వ పడ్డా సగం లాలాగూడ ఉండది." అంటూనే ఒక ఫౌంటెన్ పెన్ చేతిలో పెట్టాడు. "దీంట్ల ఒక్క గుండు ఉంటది."

"తుపాకి పేలొద్దన్నారుగా?"

"పైనుంచి పంపిండ్రు. ఇయ్యకుంటే నన్ను పరేషాన్ చేస్తరు."

జ్ఞానశేఖర్ పెన్ను జేబులో పెట్టుకున్నాడు. అతని భార్య రోసమ్మ లాలాగూడ రైల్వే బడిలో టీచరు. సోమవారం బడి ఉంది.

ఆఫీసుకు తిరిగి వచ్చేసరికి డోరా అతని టేబుల్ అంచున కూర్చుని ఉంది. మేనేజింగ్ డైరెక్టర్ స్టెనో. ఆకుపచ్చ షిఫాన్ చీర, గది నిండా సెంటు వాసన. క్రాఫ్ట్ మనిషి. అప్పుడప్పుడూ యూనియన్‌కీ కబుర్లు చేరవేస్తుంది. ఎవరికి అబద్ధం చెబుతోందో ఆమెకే తెలియాలి.

"ఎల్లమ్మ కేసులో స్టే ఇవాళ్టితో సరి, సార్. సోమవారం వాయిదా. రెన్యువల్ పిటిషన్ టైప్ చేయనా?"

జ్ఞానశేఖర్ వెలిగించబోతున్న సిగరెట్ పక్కన పెట్టాడు.

గోడౌన్ నుంచి లాలాగూడ యార్డుకు కంపెనీ వేసుకున్న సొంత రైలు పట్టా బోయిగూడ అవతల, లాలాగూడ బడి దగ్గర ఎల్లమ్మ అనే ఆమె జాగాలోంచి పోతుంది. ఆ జాగా ఆమెకు తిరిగి ఇమ్మని కోర్టు ఎప్పుడో డిక్రీ ఇచ్చింది. కంపెనీ లీగల్ డిపార్ట్‌మెంట్ మాత్రం స్టే మీద స్టే తెచ్చి బండి నడిపిస్తోంది. మేనేజ్‌మెంట్ దాన్ని స్ట్రాటజీ అనేది. ఏళ్ల తరబడి అడ్డం లేకుండా సాగింది గనుక ఆ కేసన్నది ఒకటుందనే పైవాళ్లు మరిచిపోయారు.

గడువు మరిచిపోవడం కంపెనీ వకీలుకు క్షమించరాని పాపం. కావాలని మరిస్తే ప్రాక్టీసు చేసే సనదు పోతుంది. క్రాఫ్ట్‌కు తెలిస్తే ప్రాణమే పోతుంది.

"నేను చూసుకుంటాను."

"జకర్యా గారూ అదే మాట అనేవారు," అంది డోరా. నవ్వుతూనే అంది. 

సోమవారం తెల్లవారేసరికి రేడియో చెప్పింది, యూనియన్ సైన్యం సరిహద్దు దాటిందని. వీధుల్లో సగం తలుపులు తెరుచుకోలేదు.

"ఏమండీ, పిల్లలు భయపడి ఉంటారు. నేను వెళ్లకపోతే ఎలా?" అంది రోసమ్మ చెప్పులు తొడుక్కుంటూ.

వద్దని నోటిదాకా వచ్చింది. లా ఆఫీసర్ భార్య ఒక్కతే బడి మానేస్తే క్రాఫ్ట్‌కు వాసన తగులుతుంది. ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు. ఆ క్షణంలో తనమీద తనకే అసహ్యం వేసింది.

ఆఫీసులో క్లియరెన్స్ మీద సంతకం పెట్టి నేరుగా కోర్టుకు వెళ్లాడు. ఎల్లమ్మ అక్కడే ఉంది, ఏ వాయిదా తప్పని మనిషి గనుక. జడ్జి ఎప్పటిలాగే అతని వైపు చెయ్యి చాచాడు, స్టే పిటిషన్ కోసం.

"పిటిషన్ లేదు, హుజూర్. జాగా అప్పగించడానికి కంపెనీకి అభ్యంతరం లేదు."

జడ్జి కళ్లజోడు పైనుంచి చూశాడు. ఎల్లమ్మకు అర్థం కాక పక్కనున్న అమీన్‌ను పట్టుకుంది. "ఏందీ? మల్ల వాయిదానా?"

"లేదమ్మా. నడు, నీ జాగా నీకు ఇప్పిస్త," అన్నాడు కోర్టు ఉత్తర్వులు అమలు చేసే ఆ అమీన్.

గోడౌన్ పక్క సైడింగ్‌లో ఇంజన్ పొగ కక్కుతోంది. నలుగురు గార్డులు, కారు పక్కన క్రాఫ్ట్, వాడి పక్కన డోరా. ఆమె చేతిలో పెద్ద బ్యాగు. జ్ఞానశేఖర్ వచ్చేసరికి గార్డులతో వ్యాగన్ కదిలింది, పట్టా పక్క బాటలో క్రాఫ్ట్ కారు దాని వెంటే, ఆ వెనకే అతనూ.

దూరంగా డప్పు మోగింది.

జాగా ఒకరి చేతికి ఇప్పించేటప్పుడు డప్పు కొట్టి నలుగురికీ చాటడం కోర్టు ఆనవాయితీ. ముందు డప్పు, వెనక అమీన్, ఆ వెనక ఎల్లమ్మ. సంగతేమిటోనని లాలాగూడ వర్క్‌షాపు జనమంతా కట్ట మీద చేరారు. ఎల్లమ్మ వచ్చి పట్టాల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

డ్రైవర్ లూకా బ్రేకు వేశాడు. ఇంజన్ ఆమె ముందు కీచుమంటూ ఆగింది.

"గిది నా జాగ. ఎవడు దాటుతడో సూస్త," అంది ఎల్లమ్మ.

క్రాఫ్ట్ మొహం ఎర్రబడింది. "లీగల్ ఎవరు చూస్తున్నారు?"

"నేనే."

"స్టే ఏది?"

"మరిచిపోయాను, సార్."

క్రాఫ్ట్ అతన్ని కాసేపు కన్నార్పకుండా చూశాడు. జకర్యాను చూసిన చూపు కూడా ఇదేనేమో. "డ్రైవర్! పోనీ!"

లూకా ఇంజన్ దిగాడు. "మనిషి మీదికెళ్లి తోల, సాబ్. నౌకరి పోయినా సరే."

గార్డులు తుపాకులు ఎత్తారు.

"డోంట్ ఫైర్!" అని అరిచింది క్రాఫ్టే. వాడి గొంతులోని భయం విని వ్యాగన్‌లో ఏముందో జనానికి తెలిసిపోయింది. ఐనా ఎవరూ పరుగెత్తలేదు. తమ పిల్లలు చదివే బడి ఆ కనిపించేదే.

"డోరా, క్లాక్! ఇక్కడే పెట్టు!" క్రాఫ్ట్ కారెక్కాడు.

ఆమె బ్యాగులోంచి ఇత్తడి గడియారం తీసింది. వైర్లు వేలాడుతున్నాయి. వ్యాగన్ తలుపు సందులోంచి లోపల పెట్టి, వైర్లు కలిపి, కీ తిప్పింది.

జ్ఞానశేఖర్ ఒక్క దూకులో ఆమెను తోసేసి వ్యాగన్‌లోకి వెళ్లి గడియారం లాగాడు. వైర్లు తెగాయి. చెవి దగ్గర పెట్టుకున్నాడు. టిక్కు లేదు, ముల్లు కదలదు. వెనక మూత తీస్తే లోపల ఖాళీ.

"రిపేరుకిచ్చాను," అంది డోరా చీర దులుపుకుంటూ. "జకర్యా ఒక్కడే నన్ను ఆఫీసులో మనిషిలా చూసేవాడు."

కారు కదల్లేదు, దాని ముందు జనం నిండిపోయారు. గార్డులు తుపాకులు కింద పడేశారు. అమీన్ తాపీగా క్రాఫ్ట్ భుజం మీద చెయ్యి వేశాడు. "అడగకుంట, ఇజాజత్ లేకుంట ఎల్లమ్మ జాగల నిలబడ్డవ్. జెర ఠాణాకు నడు. మిగిలినయి ఆడ మాట్లాడుకుందాం."

బడిగంట మోగింది. పిల్లల అల్లరి వినిపించింది.  జ్ఞానశేఖర్ వ్యాగన్ మెట్టు మీద కూలబడి ఏడ్చాడు. సిగ్గుపడలేదు.

యూనియన్ సైన్యం ఊళ్లోకి రాకముందే కంపెనీ డిస్మిసల్ ఆర్డర్ వచ్చింది: స్టే గడువు మరిచిన నిర్లక్ష్యానికి.

సైన్యం వచ్చి జిలెటిన్ దింపుకుపోయింది. ఖాళీ వ్యాగన్ మాత్రం అక్కడే మిగిలింది. ఎల్లమ్మ కర్ర పట్టుకుని అతని ఇంటికే వచ్చింది.

"గీ డబ్బా నా జాగలకెళ్లి ఎప్పుడు తీయిస్తవ్ సారూ?"

జ్ఞానశేఖర్ అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. "వచ్చే వాయిదాకి..."

ఎల్లమ్మ కర్ర ఎత్తింది. పెన్‌లోని ఆ ఒక్క గుండు అవసరమేమోనని ఏజెంట్ వాయిదాకు మొదటిసారి అనిపించింది.