క్రఫ్ట్ రేవులో తిరిగే చక్రం

చీకటి పడితే క్రఫ్ట్ రేవు వైపు కుక్క కూడా పోయేది కాదు.

థేమ్స్ ఒడ్డున, ఆ రేవులో బరువులెత్తే పెద్ద చక్రం ఉంది. మనుషులు దానిలోకి దిగి నడిస్తే తాడు చుట్టుకుని, పడవలోని సరుకు పైకి లేస్తుంది. దానిలో నలిగి కూలీ ఏబెల్ చచ్చిపోయాక, అర్ధరాత్రి ఆ చక్రం తిరుగుతోందనీ... లోపల నడుస్తున్నది ఏబెల్లేననీ పేటంతా గుసగుసలు.

ఏబెల్ చావు మీద విచారణ మా బీరుకొట్టులోనే జరిగింది.

వెనక గుర్రాలపాకలో, తలుపుచెక్క మీద శవం. జ్యూరీ పన్నెండుమందీ దాన్ని కళ్లారా చూడాలి, అది చట్టం. ముక్కులు మూసుకుని వెళ్లారు, చూశామనిపించుకుని వచ్చారు. రాగానే రేవు యజమాని క్రఫ్ట్ పంపిన వేపుడు గొర్రెమాంసం మీద పడ్డారు. గడ్డాల మీద కొవ్వు కారుతున్నా తుడుచుకున్నవాడు లేడు. వడ్డించింది నేనే, నా ఖర్మ!

ఏబెల్ పెళ్లాం హెస్టర్ గుమ్మంలో నిలబడింది.

"అయ్యా, మనిషిని చంపిన వస్తువు చట్టప్రకారం రాజుగారి పాలవ్వాలి కదా! ఆ చక్రాన్ని పట్టుకుపొమ్మనండి. అది వెనక్కి తిరిగిందంటే లోపలున్నవాడు నుజ్జే. రేపు ఇంకొకడు పోతాడు."

చావుల విచారణ చేసే కరోనర్ దొర జ్యూరీ వైపు చూశాడు. వాళ్లలో ఒకడు, రొట్టెలు కాల్చే ఓబడయా, ఎముక చీకడం ఆపాడు.

"చక్రానికేమైందమ్మా, భేషుగ్గా ఉంది. వెనక్కి తిరక్కుండా ఆపే చీల విరిగింది. తప్పు చీలది."

మిగతా పదకొండు తలకాయలూ ఊగాయి. ప్రమాదవశాత్తూ మరణం. దోషి... జానెడు కొయ్యచీల! దాన్ని రాజుగారి పేరిట జప్తు చేసి, గొర్రె ఎముకల పక్కనే బల్ల మీద పెట్టారు. క్రఫ్ట్ ఇంకో జాడీ బీరు తెప్పించాడు. ఛీ, వాళ్లూ మనుషులేనా!

ఆ తర్వాతి సంగతి నాకు ఓబడయానే చెప్పాడు.

విచారణ అయిన పదిరోజులకి, ఒక రాత్రి పొగమంచు. రొట్టెల పొయ్యి వెలిగించే వేళ మించిపోతోందని, అడ్డదారిన రేవు మీదుగా వస్తున్నాడట.

కిర్ర్... కిర్ర్...

ఆగాడు. చప్పుడు ఆగలేదు.

రేవులో దీపం లేదు, కేకల్లేవు. చక్రం మాత్రం తిరుగుతోంది. అడుగు... అడుగు... చేతిలో లాంతరు ఎత్తితే చువ్వల సందులో కోటు కనిపించింది — మోచేతి దగ్గర ఎర్రమాసిక. శవం మీద చూసిన కోటే!

ఓబడయా అక్కడే మోకరిల్లి చేతులు జోడించాడు.

"ఏబెల్... నన్నొదిలెయ్‌రా... అందరూ అదే అన్నారు, నేనొక్కణ్నే కాదు..."

లోపల్నుంచి రొప్పుతూ సన్నటి గొంతు.

"పక్కకి జరగండి ఓబడయా గారూ... బరువు మీ నెత్తి మీదుంది."

తలెత్తాడు. తన కొట్టుకి రావలసిన పిండిబస్తాలు రెండు, చీకట్లో ఊగుతున్నాయి.

ఆ గొంతు హెస్టర్‌ది, ఒంటి మీది కోటు మొగుడిది.

"నువ్వా! ఈ వేళప్పుడు... ఇక్కడా?"

"పిల్లల నోట్లోకి ముద్ద పోవాలిగా. ఆడదాన్ని కాబట్టి రాత్రిపూట అయితేనే పనిస్తానన్నాడు క్రఫ్ట్. దెయ్యమని పుకారు పుట్టించిందీ ఆయనే, ఎవరూ ఇటు తొంగిచూడకుండా."

"దిగు తల్లీ, ముందు దిగు!"

"ఎలా దిగను?" ఆమె అడుగులు తడబడలేదు. "చీల మీరు పట్టుకుపోయారు. ఆయన కొత్తది వెయ్యలేదు. నేనాగితే... ఇది వెనక్కి తిరుగుతుంది."

ఇంతవరకూ చెప్పి ఓబడయా బీరు గుక్కెడు తాగాడు. నేను జాడీ బల్ల మీద పెట్టేశాను.

"మరి నువ్వేం చేశావయ్యా?"

"ఏం చేస్తాం!" మూతి తుడుచుకున్నాడు. "బస్తాలు దిగేదాకా నిలబడి, తడవలేదు కదా అని చూసుకుని వచ్చేశాను."