గడియ లేని గది

"కరెంటు ఆఫీసు నుంచండీ! మీ మీటరు కాలిపోతోందండీ!"

ఆదివారం పొద్దున్నే తలుపు కొట్టి ముక్కుతో అరిచాడు మామయ్య. మామూలుగా అయితే లోపల్నుంచి వాళ్ళక్క, "మీటరు కాదు, నీ మొహం కాలిపోతోంది, లోపలికి తగలడు" అనేది. చిన్నప్పట్నుంచీ జరుగుతున్న తంతే. సైకిలు రిపేరు కొట్టు నడుపుకునే మామయ్యకి చదువు అబ్బలేదు గానీ గొంతులు అబ్బాయి. బ్యాంకు మేనేజరు గొంతు, పోస్టుమాను గొంతు, పక్కింటి ముసలాయన దగ్గు, ఏది కావాలంటే అది.

ఆవేళ మాత్రం తిట్టు రాలేదు. లోపల గ్లాసు పగిలిన చప్పుడైంది.

తలుపు తోసుకుని వెళ్ళేసరికి మేనకోడలు వంటింటి మూలకి అంటుకుపోయి నిలబడి ఉంది. పాదాల మీద టీ పొగలు కక్కుతోంది. ఆ మంట కూడా తెలియనట్టు, గుండె మీద చెయ్యేసుకుని వీధి గుమ్మంకేసి చూస్తోంది.

"నేనేనే కోడలా! మామయ్యని!"

ఆ పిల్ల నవ్వలేదు. మామయ్య నవ్వు కూడా మొహం మీదే ఎండిపోయింది.

"ఒరేయ్, ఇలా వచ్చి కూర్చో" అన్నాడు భోజనాల బల్ల దగ్గర్నుంచి బావ.

బావ ఆడిటర్. ఉద్యోగం మానేసి చాలాకాలమైనా చూపు మానలేదు. ఆయన ఎదుట కూర్చుంటే జేబులో ఉన్న చిల్లర కూడా అపరాధంలా గలగలమంటుంది. "దాచేవాడే దొంగ" అన్నది ఆయన వేదం. ఆ ఇంట్లో బీరువాకి తాళం లేదు, సొరుగులకి తాళం లేదు, ఎవరి ఉత్తరం ఎవరైనా చింపి చదవొచ్చు.

"ఫోన్లు చేస్తున్నది నువ్వేనా?" సూటిగా అడిగాడు.

మామయ్యకి అప్పటికే విషయం కొంత తెలుసు. మేనకోడలు మొగుణ్ణి వదిలేసి వచ్చి ఆర్నెల్లు దాటింది. బొమ్మల పుస్తకాలకి కంప్యూటర్లో రంగులు వేస్తుంది. దూరదేశం పుస్తకాలవాళ్ళు డబ్బు పంపుతారు. ఆ పిల్ల బ్యాంకు ఖాతా మొగుడితో కలిపి తెరిచింది; అందులో పైసా పడినా వాడి ఫోను మోగుతుంది. అందుకని ఇంటర్నెట్ నాణేల్లో తీసుకుంటోంది. ఇప్పుడు ఆ నాణేలు పడ్డప్పుడల్లా ఫోనొస్తోంది. నంబరు కనబడదు. బొంగురు గొంతు. "నిన్న నీకింత వచ్చింది కదూ" అని అణా పైసలతో సహా చెప్పి పెట్టేస్తుంది.

"నేనా? నా కోడల్నా? బావా, నీకేమైనా..."

"మరింకెవడు? ఎంతొచ్చిందో అది వాళ్ళమ్మకి చెబుతుంది. వాళ్ళమ్మ నీకు చెబుతుంది. నాలుగో మనిషికి తెలిసే దారి లేదు. పైగా గొంతు మార్చి మాట్లాడ్డం ఎవరి విద్య? ఆమధ్య బ్యాంకు మేనేజరునని చెప్పి నన్ను ఇస్త్రీ చొక్కాతో బ్యాంకు మూసేదాకా కూర్చోబెట్టింది ఎవరు?"

నిజమే. 'నాన్నా పులి' అని అరిచినవాడి గతి ఏమవుతుందో కథలో విన్నాడు గానీ, అది తన నెత్తి మీదకే వస్తుందనుకోలేదు మామయ్య. అక్క వైపు తిరిగాడు. చిన్నప్పుడు తమ్ముడు చేసిన వెధవ పనులన్నీ తన మీద వేసుకున్న అక్క ఇప్పుడు కళ్ళు దించుకుంది.

"అక్కా, నువ్వు కూడానా?"

"నువ్వైతే బాగుండునురా" అంది ఆవిడ చెంగుతో ముక్కు తుడుచుకుంటూ. "నువ్వేనని చెప్పరా. రెండు తగిలించి ఊరుకుంటాను. నువ్వు కాకపోతే నాకు భయంగా ఉంది."

మామయ్య బల్ల మీది ప్లేటులోంచి బిస్కెట్టు తీసి నోట్లో కుక్కుకున్నాడు. సరిగ్గా అప్పుడే బల్ల మీద మేనకోడలి ఫోను మోగింది.

నంబరు లేదు.

నలుగురూ దానికేసే చూశారు, పాము పడగ విప్పినట్టు. ఆడిటరే చెయ్యి చాచి స్పీకరు నొక్కాడు.

"పొద్దున్నే వచ్చినట్టున్నాయి డబ్బులు" అంది బొంగురు గొంతు, తాపీగా. ఎంతో కూడా చెప్పింది. "మంచిది. వేరే ఊళ్ళో హాస్టలు గదికి అడ్వాన్సు కూడా కట్టేశావుగా. రోడ్డు వైపు కిటికీ ఉన్న గది తీసుకో. నిలబడితే నాకు కనబడాలి కదా."

ఫోను ఆగిపోయింది.

మామయ్య నోట్లో బిస్కెట్టు అలాగే ఉంది. ఎన్ని గొంతులొచ్చినా, నోరు నిండుగా పెట్టుకుని రెండో నోటితో మాట్లాడే విద్య ఎవడికీ రాదు. కానీ తను నిర్దోషినని తేలినందుకు ఎవరికీ సంతోషం లేదు, తనకే లేదు.

"వాడే" అంది మేనకోడలు. ఫోను అందుకుని చూసుకుంది. "డబ్బు నిజంగానే వచ్చింది నాన్నా. నేనింకా చూసుకోనేలేదు. నాకంటే ముందు వాడు చూశాడు."

"ఎలా? ఇంట్లో కెమెరా పెట్టాడా?" అక్క పైకప్పుకేసి చూసింది.

"కెమెరా అక్కర్లేదమ్మా. ఆ నాణేల లెక్కంతా బయటే ఉంటుంది. గాజు డబ్బా అనుకో. మీద పేరుండదు. కానీ ఈ డబ్బా ఫలానా వాళ్ళదని ఒక్కసారి తెలిస్తే చాలు, ప్రపంచంలో ఎవడైనా కూర్చుని చూడొచ్చు. పెళ్ళైన కొత్తలో నాకా డబ్బా చేసిపెట్టింది వాడే."

"పారేసి కొత్తది తెచ్చుకోలేకపోయావా?" అన్నాడు మామయ్య బిస్కెట్టు మింగి.

"తెచ్చుకున్నా మామయ్యా. కానీ పాతదాంట్లో మిగిలింది కొత్తదాంట్లో పోసుకున్నా. ఆ పోయడం కూడా కనబడుతుంది."

"అంటే ఇల్లు మారుతూ, సామాన్ల బండి మీదే వాణ్ణీ ఎక్కించుకొచ్చావన్నమాట."

"అంతే. ఆ హాస్టలు వాళ్ళు తమ డబ్బా చిరునామా అందరికీ కనబడేలా పెట్టుకున్నారు. నా డబ్బాలోంచి అక్కడికి వెళ్ళింది చూసి చెప్పేశాడు."

"అదలా ఉంచు" అన్నాడు ఆడిటర్. ఆయన గొంతు వణకడం మామయ్య ఎప్పుడూ వినలేదు. "హాస్టలేమిటి? ఇల్లొదిలి పోతున్నావా? మాకు చెప్పకుండా?"

ఆ పిల్ల వేరే మాట ఎత్తుకుంది.

"ఇంకో నాణెం ఉంది నాన్నా. పెద్దగా ఎవరికీ తెలీదు. ఎవరు పంపారో, ఎవరికి చేరిందో, ఎంతో, బయటివాడికి కనబడదు. వచ్చిన ప్రతిసారీ కొత్త చిరునామాకి చేరుతుంది, అది నాదని నా తాళంచెవికే తెలుస్తుంది. పుస్తకాలవాళ్ళు ఇకమీద అందులో పంపుతామన్నారు."

"దొంగల నాణెం! పేపర్లో చదివాను."

"దొంగలూ వాడతారు. దొంగలు చెప్పులు కూడా వేసుకుంటారు. మనం ఒట్టికాళ్ళతో తిరగాలా?"

మామయ్యకి కిసుక్కున నవ్వొచ్చింది. బావ చూపు తగిలి దగ్గుగా మార్చేశాడు. "మరి అందులో బొక్కలేమీ లేవా కోడలా? నా కొట్టుకొచ్చే ట్యూబులన్నిటికీ ఉంటాయి."

"ఎందుకు లేవు? తీసుకునేవాళ్ళు తక్కువ. కొన్నిచోట్ల ముట్టుకోనే ముట్టుకోరు. ధర ఒకరోజు మేడ మీద, ఒకరోజు మెట్ల కింద. తాళంచెవి పోగొట్టుకుంటే దేవుడు కూడా తెరవలేడు. అందుకే వచ్చింది వచ్చినట్టు ఖర్చుకి మార్చేసుకుంటా. నేను లక్షలు కూడబెట్టుకోవాలని చూడట్లేదు మామయ్యా. వాడి కంట పడకుండా బియ్యం కొనుక్కోవాలని చూస్తున్నా."

"ప్రభుత్వానికి లెక్క చెప్పాలి. దాచితే..."

"దాని తాళంచెవులు రెండు నాన్నా. తీసేది వేరు, చూసేది వేరు. చూసేది నీకిస్తా. వచ్చిన ప్రతి పైసా చూసి పన్ను కట్టు. తీయలేవు, అంతే. నేనెవరికి చూపించాలనుకుంటే వాళ్ళకే కనబడుతుంది. అదొక్కటే నాక్కావాలి."

ఆడిటర్ కళ్ళజోడు సవరించుకున్నాడు. తర్వాత మళ్ళీ మొదటికే వచ్చాడు. "ఎందుకు పోతున్నావమ్మా?"

మేనకోడలు లేచి తన గది తలుపు దగ్గరికి వెళ్ళింది. లోపలివైపు చూపించింది. గడియ ఉండాల్సిన చోట నాలుగు మరల బొక్కలున్నాయి. వాటి కిందే నేల మీద గీతలు. రాత్రిపూట కుర్చీ లాక్కొచ్చి తలుపుకి ఆనించిన గీతలు.

గడియ ఊడదీసింది ఆడిటరే. అది మామయ్యకీ తెలుసు.

"నువ్వొచ్చిన రోజు" అన్నాడాయన, గోడ పట్టుకుని, "గడియ పెట్టుకుని లోపలుండిపోయావు. పొద్దుగూకినా తీయలేదు. పిలిచాం, తలుపు బాదాం. పలకలేదు. లోపల ఏం చేసుకున్నావో అని... తలుపు పగలగొట్టేముందు నా చేతులెలా వణికాయో నీకు తెలీదు. అందుకే తలుపు బాగుచేయించి గడియ ఊడదీశాను."

"నిద్రపోయాను నాన్నా."

"ఏమిటి?"

"ఆ ఇంట్లో నాకు నిద్రుండేది కాదు. వాడు ఫోను చూసేవాడు, సంచీ వెతికేవాడు, స్నానాల గది తలుపు అవతలే నిలబడేవాడు. మీ ఇంటికొచ్చి, గడియ పెట్టుకుని, హాయిగా, చచ్చినట్టు నిద్రపోయాను. లేచేసరికి తలుపు పగిలుంది. ఆ తర్వాత మళ్ళీ నిద్ర పట్టలేదు."

ఆడిటర్ కళ్ళజోడు తీశాడు. తుడవాల్సింది కళ్ళజోడో కళ్ళో తెలియనట్టు రెండూ తడిమాడు. తర్వాత తన సొరుగు లాగి ఒక కవరు తెచ్చాడు. లోపల ఆ గడియే ఉంది, నాలుగు మరలతో సహా. ఆడిటర్లు ఏదీ పారేయరు.

"ఒరేయ్, నీ స్క్రూడ్రైవరుందా?"

"నా చెప్పులు లేకపోయినా అదుంటుంది బావా" అన్నాడు మామయ్య. ఇంకేదో గొంతు పెట్టి నవ్వించబోయాడు. అన్ని గొంతులున్నా సమయానికి ఒక్కటీ రాలేదు.

మరలు ఒక్కొక్కటే అందించాడు ఆడిటర్. బిగించడం అయ్యాక మేనకోడలు చూసే తాళంచెవి మాట మళ్ళీ ఎత్తింది. ఆయన తలూపాడు. "పన్ను కట్టేటప్పుడు అడుగుతాను. అప్పుడివ్వు. ఇప్పుడొద్దు." ఆ సాయంత్రమే చొక్కా ఇస్త్రీ చేసుకుని, కూతుర్నీ వెంటబెట్టుకుని, ఫోన్ల సంగతి రాసిన కాగితంతో పోలీసు స్టేషనుకి వెళ్ళాడు. హాస్టలు అడ్వాన్సు పోతే పోయిందనుకున్నారు.

పోలీసులు చూస్తామన్నారు. వాళ్ళు చూస్తామన్నంత మాత్రాన భయం మూటాముల్లే సర్దుకుని పోదు. వీధిలో మోటారుసైకిలు ఆగితే అక్క కిటికీ తెర సందులోంచి చూసేది. మామయ్య తలుపు కొట్టడం మానేసి, మెట్ల దగ్గర్నుంచే తన సొంత గొంతుతో "అక్కా, నేనే" అనడం నేర్చుకున్నాడు.

ఒకరోజు అందరూ భోజనాలు చేస్తుండగా ఫోను మోగింది. నంబరు లేదు. మేనకోడలి చేతిలో ముద్ద ఆగిపోయింది. ఆ ముందురోజే పుస్తకాలవాళ్ళు కొత్త నాణెంలో డబ్బు పంపారని మామయ్యకి తెలుసు. అయిపోయింది, ఇదీ తెలిసిపోయింది వీడికి అనుకున్నాడు.

ఆ పిల్లే స్పీకరు నొక్కింది.

"ఏమే" అంది బొంగురు గొంతు. కాసేపు ఊపిరి చప్పుడు. "ఈ నెల డబ్బు... వచ్చిందా? ఎంతొచ్చింది?"

మామయ్య బావ వైపు చూశాడు. బావ మామయ్య వైపు చూశాడు. ఇన్నాళ్ళూ వాడు చెప్పేవాడు. ఇవాళ అడుగుతున్నాడు.

మేనకోడలు ఫోను పెట్టేసి, చెయ్యి కడుక్కుని గదిలోకి వెళ్ళింది. టక్కున గడియ పడింది.

ఆ చప్పుడుకి అక్క లేవబోయింది. "కూర్చో" అన్నాడు ఆడిటర్. తనూ బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు, కానీ లేవలేదు. గిన్నెలు సర్దారు. ఎండ గోడ దిగింది, చీకటి పడింది. లోపల్నుంచి ఉలుకూ పలుకూ లేదు. చివరికి ఉండబట్టలేక ముగ్గురూ పిల్లుల్లా వెళ్ళి తలుపుకి చెవులానించారు.

గురక. సన్నగా, ఎత్తుపల్లాలతో, మా దర్జాగా.

"అచ్చం నీ గురకే బావా" అని గుసగుసగా అన్నాడు మామయ్య. "నేనెంత ప్రయత్నించినా ఇంత బాగా రాలేదు నాకు."

ఆడిటర్ నవ్వాడో ఏడ్చాడో చీకట్లో తెలియలేదు. ఇన్నాళ్ళూ ఆ పిల్ల లోపల తలుపుకి ఆనించుకున్న కుర్చీ ఇప్పుడు వసారాలో ఉంది. దాన్ని చప్పుడు కాకుండా ఎత్తి తెచ్చుకుని, తలుపుకి బయటివైపు వేసుకుని, వీధికేసి తిరిగి కూర్చున్నాడు.