నారింజ దారం

ఉదయం ఏడుంపావుకి డోర్‌బెల్ మోగింది. ఆ వేళప్పుడు మిలిటరీ క్వార్టర్స్‌లో బెల్ కొట్టేది పాలవాడో పేపరువాడో అనుకుని, వైర్‌లెస్ ఆపరేటర్ సగం గీసుకున్న గడ్డంతోనే వచ్చి తలుపు తీశాడు. ఎదురుగా ఉన్న మనిషి చాలా మర్యాదస్తుడు. "గుడ్ మార్నింగ్ సార్" అని, సైలెన్సర్ బిగించిన పిస్టల్ తీసి ఒక్కసారి పేల్చాడు. ఎవరండీ వచ్చింది అంటూ తువ్వాలుతో వచ్చిన భార్యకి రెండో గుండు ఖర్చుపెట్టాడు. తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు. మెట్లమీద ఎదురైన పక్కింటావిడకి పక్కకి తప్పుకుని దారి కూడా ఇచ్చాడట.

రెండు నెలల్లో అది మూడో ఇల్లు. మూడిళ్ళలోనూ పోయింది వైర్‌లెస్ ఆపరేటర్లే, వాళ్ళతోపాటు ఆ పూట ఇంట్లో ఎవరుంటే వాళ్ళు. ఒక ఇంట్లో తల్లి, ఒక ఇంట్లో చుట్టపుచూపుగా వచ్చిన బావమరిది. బేస్ మొత్తం హడలిపోయింది. ఆడవాళ్ళు పట్టపగలే తలుపులకి గడియలు పెట్టుకున్నారు.

ఆ మధ్యాహ్నం సీక్రెట్ సర్వీస్ చీఫ్ ఏజెంట్ పదిహేడుని పిలిపించాడు. చీఫ్‌ని డిపార్ట్‌మెంట్‌లో అందరూ పెద్దాయన అంటారు, ఎదుట తప్ప. పదిహేడుకి నలభై రెండేళ్ళు, పెళ్ళీ పెటాకులూ లేవు. ఇప్పటికి పదకొండు వేషాలు వేశాడు, ఎవరికీ దొరకలేదు. ఆ సంగతి తల్చుకుని లోలోపల కాస్త మురిసిపోతుంటాడు. పోనీలెండి, ఆ మురిపెం ఎంతోకాలం ఉండేది కాదు.

"కొండల దగ్గరికి ఒక కాన్వాయ్ బయల్దేరి వారమైంది," అన్నాడు పెద్దాయన. "మూడు వందల మంది. ఇవాళ్టికి మూడు వారాలకి, శుక్రవారం, రెండు రోడ్లు చీలేచోట ఆగుతుంది. పదకొండింటికి రిసీవర్ తెరుస్తుంది, అయిదే అయిదు నిమిషాలు. కుడి రోడ్డున పొమ్మని ఇక్కణ్ణించి మెసేజ్ వెళ్ళాలి."

"వెళ్ళకపోతే?"

"ఎడమ రోడ్డు పట్టుకోవాలని స్టాండింగ్ ఆర్డర్. విదేశీ ముఠా ఒకటి ఆ రోడ్డు నిండా మందుపాతరలు పాతుతోంది. ఎక్కడెక్కడో తెలీదు."

మెసేజ్ ఎవరో ఒకరు కొట్టొచ్చుగా అని పదిహేడు అడిగాడు. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. అవతల వినేవాడు కోడ్ ఒక్కటే చూడడు, వైర్‌లెస్ కీ కొట్టే చెయ్యి గుర్తుపడతాడు. తనకి తెలిసిన చేతులు నాలుగు, అవి కాకపోతే నమ్మడు. ఆ నలుగురిలో ముగ్గురు పోయారు. నాలుగోవాడికి భార్య, ఆరేళ్ళ కూతురు ఉన్నారు.

హత్యలు జరిగిన మూడిళ్ళలోనూ పోలీసులకి ఒక్కటే పోలిక దొరికింది. గోడకి అప్పుడే ఇస్త్రీ అయివచ్చిన యూనిఫాం వేలాడుతోంది. అంటే ఆ మనిషి డ్యూటీకి వెళ్ళబోతున్నాడు, ఇంకా ఇంట్లోనే ఉన్నాడు. ఆ సంగతి ముందుగా తెలిసేది బేస్ లాండ్రీకే. కాబట్టి పదిహేడు అక్కడ ఇస్త్రీ చేసేవాడిగా చేరాలి. సామాను ఇచ్చారు: పిడిలో ట్రాన్స్‌మిటర్ దాచిన ఇస్త్రీపెట్టె ఒకటి, చొక్కా గుండీలో ఇమిడిన కెమెరా ఒకటి.

"లాండ్రీలో మన మనిషి ఒకామె ఉంది," అన్నాడు పెద్దాయన చివర్లో. "ఒకప్పుడు ముఠా మనిషే. ఇప్పుడు మనకి పనిచేస్తోంది. ఆమెని నమ్మొచ్చు."

ఆమె కోడ్ నేమ్ అత్తరు. ఆ పేరు ఎందుకొచ్చిందో మొదటిరోజే అర్థమైంది. ఆమె వచ్చే ముందు సువాసన వస్తుంది, వెళ్ళాక కూడా అది కాసేపు కూర్చుంటుంది. రఫూ బల్ల దగ్గర చిరిగిన కాలర్లు అల్లుతూ, పట్టు చీరలో, రాణిలా ఉండేది. సబ్బు వాసన, ఆవిరి, ఖాకీ గుట్టలు, వాటి మధ్య ఆమె. పదిహేడు రెండుసార్లు వేలు కాల్చుకున్నాడు. ఆమె నవ్వి వెన్న రాసింది.

లాండ్రీకి ఒక పద్ధతి ఉంది. వెయ్యి ఖాకీ చొక్కాలు ఒక్కలాగే ఉంటాయి కదా, అందుకని ప్రతి బట్టకీ కాలర్ లోపల రెండు కుట్లు రంగు దారంతో వేస్తారు. వీధికో రంగు, గోడమీది పట్టికలో టౌన్ వీధులకి కూడా ఉన్నాయి. ఎర్ర దారం గేటు వీధి, ఆకుపచ్చ చెరువు వీధి, నీలం బ్యారక్స్. మూట కట్టేవాడు దారం చూసి బండిలో పడేస్తాడు, పేరూ ఊరూ చదవక్కర్లేదు. పదిహేడు ఈ పని వారంలో నేర్చేసుకున్నాడు. మూడో వారానికి మేనేజర్ కొత్తవాళ్ళకి అతన్ని చూపించి, అలా చెయ్యండి అనేదాకా వచ్చింది.

ఈలోగా నాలుగో ఆపరేటర్ కుటుంబాన్ని క్వార్టర్స్ నించి రహస్యంగా తప్పించారు. టౌన్‌లో ఒక ఫోటో స్టూడియో మేడమీద రెండు గదులు. ఆ అడ్రసు ఎరిగినవాళ్ళు ముగ్గురే: పెద్దాయన, పదిహేడు, ఆపరేటర్. అత్తరుకి కూడా చెప్పలేదు. ఆపరేటర్ని పెద్దాయనే జీపులో తీసుకెళ్ళి జీపులో దింపేవాడు. ఉతికిన బట్టలు పదిహేడే సైకిలు మీద తీసుకెళ్ళేవాడు, తనే స్వయంగా ఇస్త్రీ చేసి, తనే మూట కట్టి.

ఆపరేటర్ భార్య అతన్ని అన్నయ్యా అనేది. ఇంట్లో బందీగా ఉండి విసిగిపోయిన మనిషి, వచ్చినవాణ్ణి కబుర్లు చెప్పకుండా వదిలేది కాదు. "మా ఆయన కంటే మీరు ఇస్త్రీ చేసిన చొక్కాయే నిటారుగా నిలబడుతుంది అన్నయ్యా" అని నవ్వేది. పాప మెట్లమీద కూర్చుని సైకిలు బెల్లు కొట్టేది. శనివారం బడిలో గ్రూప్ ఫోటో ఉందట. శుక్రవారంతో ఈ దాగుడుమూతలు అయిపోతాయి కాబట్టి వెళ్ళొచ్చని నాన్న మాటిచ్చాడు. జేబులున్న నీలం గౌను పదిహేడు చేతిలో పెట్టి, కుచ్చులు గట్టిగా నిలబడాలని, ఊడిన గుండీ కుట్టాలని ఆర్డర్ వేసింది.

"శనివారం పొద్దున్నకల్లా తెస్తావా మామయ్యా?"

"తెస్తాను."

"మర్చిపోతే?"

"మర్చిపోను."

అతనికి ఎవరూ లేరని చెప్పాను కదా. ఆ రోజు సైకిలు తొక్కుకుంటూ వస్తూ, ఉంటే బాగుండేది అనుకున్నాడు. గూఢచారులు అలా అనుకోకూడదు, ట్రెయినింగ్‌లోనే చెబుతారు.

శుక్రవారం పదీ ముప్ఫై అయిదు. ఆపరేటర్ వైర్‌లెస్ రూములో క్షేమంగా ఉన్నాడు. పదిహేడు మనసు తేలికపడి, గౌను గుండీ కుడదామని దారం కోసం రఫూ బల్ల సొరుగు లాగాడు. నారింజ రంగు దారపు ఉండ లేదు. అత్తరు హ్యాండ్‌బ్యాగ్ భుజాన వేసుకుని వెనక గుమ్మం వైపు నడుస్తోంది. బ్యాగ్ జిప్పులోంచి నారింజ దారం కొస వేలాడుతోంది.

అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకోలేదు. తీరిగ్గా వాచీ చూసుకుంది.

"ఇది ఎందుకు తీశావు?"

"గుర్తుగా ఉంటుందని. నీ పనితనం చూస్తే ముచ్చటేసింది."

అతనికి ఇంకా వెలగలేదు. ఆమే చెప్పింది, జాలిగానే చెప్పింది. "ఇంకొకడైతే ఆ బట్టలకి కుట్లు వెయ్యకుండా ఊరుకునేవాడు. లేకపోతే చేతికందిన ఏ రంగో వేసేవాడు. నువ్వు పద్ధతిగా స్టూడియో వీధి రంగే వేశావు. ఆ వీధిలో ఖాకీ వేసుకునేవాడు ఒక్కడూ లేడు, కొత్తగా దిగింది ఒక్క కుటుంబమే. మూడేళ్ళుగా ఆ దారం విప్పలేదు. విప్పింది నేనే కదా, నీకు అందించడానికి."

అవును, అతను ప్రతి బట్టకీ రెండు కుట్లు వేశాడు, పాప గౌనుకి కూడా. ఎవరూ వెయ్యమనలేదు. ఆ మూట బండెక్కేది కూడా కాదు. చెయ్యి అలవాటు పడింది, వేసేసింది.

"పదింటికే ఇద్దరు మేడెక్కారు. ఆపరేటర్‌కి ఫోన్ వెళ్ళిపోయి ఉంటుంది," అంది ఆమె. "స్టూడియోకి ఇరవై నిమిషాలు. వైర్‌లెస్ రూముకి గేట్లు దాటుకుని ఇరవై నిమిషాలు. అది ఇటు, ఇది అటు."

ఆమె మణికట్టుకి బేడీ వేసి ఆవిరి పైపుకి తగిలించాడు. ఇస్త్రీపెట్టె పిడి నోటిదగ్గర పెట్టుకుని సంగతంతా నాలుగు ముక్కల్లో చెప్పి, స్టూడియోకి వెళ్తున్నానన్నాడు.

"వద్దు," అన్నాడు పెద్దాయన. "వైర్‌లెస్ రూముకి పో. ఫోన్ వచ్చాక వాడు కీ ముట్టుకోడు. వాడిచేత ముట్టించేది నువ్వే. స్టూడియోకి నేను మనుషుల్ని పంపిస్తాను."

"ఎంతసేపట్లో వెళ్తారు సార్?"

మూడు వందల మంది, అన్నాడు పెద్దాయన. అని లైన్ కట్ చేశాడు.

పదిహేడు వైర్‌లెస్ రూములో అడుగుపెట్టేసరికి పదకొండు దాటి ఒక నిమిషం. ఆపరేటర్ కీ ముందు కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు, బడిలో తప్పుచేసిన పిల్లాడిలా. ముఖం మీద కన్నీళ్ళు తుడుచుకునే ఓపిక కూడా లేదు. ఫోన్లో భార్య గొంతు వినిపించారట. తర్వాత ఎవరో చాలా మర్యాదగా మాట్లాడాడట. పదకొండూ అయిదు దాకా చేతులు ఒళ్ళోంచి తియ్యొద్దు సార్, ఆ తర్వాత మీవాళ్ళు మీకు దక్కుతారు అన్నాడట. ముఠా మనుషులు ఎక్కడో వింటూనే ఉన్నారు. కీ కదిలితే వాళ్ళకి తెలిసిపోతుంది.

"కొట్టు," అన్నాడు పదిహేడు.

"కొట్టను. నన్ను చంపినా కొట్టను."

పదకొండూ రెండు. పిస్టల్ పెట్టి బెదిరించినా లాభం లేదని పదిహేడుకి తెలుసు. వణికే చెయ్యిని అవతలివాడు గుర్తుపట్టడు. ఆ చెయ్యి కుదురుగా కొట్టాలంటే ఆ మనిషికి ఒక్కటే మందు. పదిహేడు తన పదకొండు వేషాల్లో వెయ్యి అబద్ధాలు ఆడాడు, ఏదీ ఇంత బరువు లేదు.

"స్టూడియో దగ్గర్నించే వస్తున్నాను," అన్నాడు. "ఇద్దర్నీ పట్టుకున్నాం. మీ ఆవిడా పాపా క్షేమం."

ఆపరేటర్ తలెత్తాడు. "ఒట్టు?"

"ఒట్టు."

"పాప ఏం చేస్తోంది?"

"రేపు ఫోటో కదా. జడ ఎలా వేసుకోవాలో అద్దం ముందు చూసుకుంటోంది."

ఆపరేటర్ నవ్వాడు. ముక్కు చీది, అరచేతులు ప్యాంటుకి తుడుచుకుని, కీ మీద వేళ్ళు పెట్టాడు. పదకొండూ మూడుం ముప్పావు. చెయ్యి ఒక్కచోట కూడా తడబడలేదు. చివరి అక్షరం వెళ్ళేటప్పటికి ఇంకా తొమ్మిది సెకన్లు ఉంది. అవతలనించి అందిందని జవాబు వచ్చింది. మూడు వందల మంది కుడి రోడ్డు పట్టారు.

ఆపరేటర్ హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టాడు. "ఒక్కసారి దాని గొంతు వింటాను" అంటూ ఫోన్ అందుకుని నంబర్ తిప్పాడు. అవతల మోగుతోంది. మోగుతూనే ఉంది. పదిహేడు కిటికీవైపు తిరిగి నిలబడ్డాడు. ఆపరేటర్ పెట్టేసి మళ్ళీ తిప్పాడు. మూడోసారి తిప్పలేదు. పదిహేడు వీపువైపు చూస్తూ కూర్చున్నాడు.

పెద్దాయన పంపిన మనుషులు పదకొండూ పన్నెండుకి మేడెక్కారు. ముఠా మనుషులిద్దర్నీ మెట్లమీదే కాల్చిపారేశారు. పాప, తల్లి అప్పటికి అయిదు నిమిషాల ముందు పోయారని డాక్టర్ రాశాడు. అంటే కీ కదిలిన తర్వాత. అత్తరు వాఙ్మూలంతో ముఠా మొత్తం దొరికింది. రిపోర్టులో మిషన్ సక్సెస్ అని ఉంది. పెద్దాయన భుజం తట్టి నెల రోజులు సెలవు తీసుకోమన్నాడు. పదిహేడు ఒక్కరోజు చాలన్నాడు, లాండ్రీలో ఒక పని మిగిలిందని.

శనివారం పొద్దున్న గౌనుకి గుండీ కుట్టాడు. కుచ్చులు ఒక్కొక్కటీ సర్ది ఇస్త్రీ చేశాడు. మూట ఎవరికి ఇవ్వాలో తోచక బల్లమీద పెట్టుకుని కూర్చున్నాడు. తొమ్మిదింటికి ఆపరేటరే వచ్చాడు. దారం సంగతి రాత్రి విచారణలో అతనికి చెప్పారు. కౌంటర్ దగ్గర నిలబడి చెయ్యి చాచాడు. గౌను విప్పి, మెడ దగ్గర తిరగేసి, లోపల ఉన్న రెండు నారింజ కుట్లు పళ్ళతో తెంపి నేలమీద ఊశాడు. గౌను మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేదనిపించింది పదిహేడుకి.

ఏమీ తెలియని మేనేజర్‌కి మాత్రం మంచి పనివాడు పోతున్నాడని బెంగ పట్టుకుంది. సాయంత్రం సర్టిఫికెట్ రాసి, స్టాంపు వేసి, అతని చేతిలో పెట్టాడు. మూడు వారాల సర్వీసులో ఇతను పంపిన మూట ఒక్కటి కూడా అడ్రసు తప్పలేదు, అని ఉంది అందులో.