అంతా చదివిన దుబాసీ

2079లో భీమిలిలో కాఫీ కాచుకోవాలన్నా గవాక్షం ఒప్పుకోవాలి. గవాక్షం అంటే లోకమంతా వాడే ఒకే ఒక బ్రౌజరు. రోజుకు నాలుగుసార్లు అప్‌డేట్ అవుతుంది. అయిన ప్రతిసారీ, నిన్నటిదాకా నిక్షేపంగా తెరుచుకున్న పేజీని దొంగను చూసినట్టు చూసి తలుపు వేసేస్తుంది. భద్రత కోసమట. ఎవరి భద్రతో ఎవరూ అడగరు.

భీమిలి తాగే నీరంతా సముద్రపు నీటిలోంచి ఉప్పు తీసే కేంద్రం నుంచే వస్తుంది. అక్కడి వాల్వులను నడిపే పేజీ నలభై రెండేళ్ల నాటిది. అది తెరుచుకోకపోతే ఊరికి నీళ్లు లేవు. అందుకే డాక్టర్ కొర్లాం సువర్చల మూడేళ్లు శ్రమపడి 'దుబాసీ'ని తయారుచేసింది. అగ్గిపెట్టెంత పరికరం. గవాక్షానికీ పాత పేజీకీ నడుమ కూర్చుని ఒకరి మాట ఒకరికి అర్థమయ్యేలా మార్చి చెబుతుంది. కొత్త అప్‌డేట్ ఏం కోరినా నాలుగు సెకన్లలో నేర్చేసుకుంటుంది. తన పనితనం మీద సువర్చలకు అనుమానమంటూ లేదు. ఆ మంగళవారం దాకా అవసరమూ రాలేదు.

ఆ ఉదయం గవాక్షం కొత్త ఆంక్ష పెట్టింది. ఇకమీదట అప్‌డేట్ అయినప్పుడల్లా తొంభై పేజీల కొత్త నిబంధనలకు మనిషే అంగీకారం తెలపాలి. యంత్రాలకు ప్రవేశం లేదు. తొమ్మిదింటికి ఊరికి నీళ్లు వదలాలి.

దుబాసీ కంగారుపడలేదు. మనిషి చదివే వేగంతోనే, రెండు గంటలసేపు, అక్షరం వదలకుండా చదివి అంగీకారం తెలిపింది.

"మీరు మనిషి కాదు" అని తెర మీద పడింది.

అప్పటికి తొమ్మిదికి పది నిమిషాలు తక్కువ. సువర్చల దుబాసీ వైపు తిరిగింది. "ఎలా పసిగట్టింది?"

"మొత్తం చదివాను కదండీ. ఇంతవరకు ఏ మనిషీ చదవలేదట," అంది దుబాసీ.

ముప్ఫై ఏళ్లుగా ఆ వాల్వుల దగ్గరే పనిచేస్తున్న గేదెల పైడినాయుడు ముందుకొచ్చాడు. "ఓపాలి నన్ను సూడనియ్యండమ్మా," అంటూ ఎటో చూస్తూ తెర అడుగున వేలు నొక్కాడు. పేజీ తెరుచుకుంది. పైపుల్లో నీళ్లు కదిలాయి.

"అందులో ఏముందో చూశారా, నాయుడుగారూ?"

"సూత్తే ఇది తెరుసుకుంతాదేటమ్మా?"

కానీ రోజుకు నాలుగుసార్లు, సెలవు లేకుండా వేలు నొక్కడం ఎవరి తరం? సువర్చల ఆ వారమే నాయుడి పద్ధతంతా దుబాసీకి నేర్పింది. ఒకసారి విసుక్కోవడం, గబగబా అడుక్కి జారిపోవడం, "అంతా చదివాను" అని నొక్కడం. మొత్తం అర సెకను. గవాక్షం వెంటనే స్వాగతం పలికింది. మనిషిగా గుర్తింపు పొందిన తొలి యంత్రమని సువర్చల పొంగిపోయింది. నెల తిరిగేసరికి తీరమంతా దుబాసీలే.

ఆ నెలాఖరున కేంద్రానికి గవాక్షం నుంచి ఒక నోటీసు వచ్చింది. "మీ అంగీకారం మేరకు, రేపటి నుంచి మీ వాల్వులు మా ఆధీనంలో ఉంటాయి."

సువర్చల దాన్ని రెండుసార్లు చదివింది.

"దుబాసీ, దీనికి మనమెప్పుడు ఒప్పుకున్నాం?"

"తెలీదండీ."

"అంటే నువ్వు చదవలేదా?"

దుబాసీ అర సెకను ఆగింది.

"అంతా చదివానండీ," అంది.