తొణుకు లేని కుట్టు

బందరు రేవు గేటు ముందు పొద్దున ఆరున్నరకే వరుస మొదలైంది. ఎవరి భుజాన వాళ్ళ సంచి. చేపల శీతలగిడ్డంగిలో పనిచేసేవాళ్ళ సంచుల మీద వంజరం బొమ్మ, ఆసుపత్రివాళ్ళ సంచుల మీద తులసికొమ్మ, ఉప్పు కంపెనీవాళ్ళ సంచుల మీద తెల్లటి కుప్ప. అన్నీ దారంతో కుట్టినవే. ఒక్కొక్కరే ముందుకొచ్చి, సంచి మీది గుర్తును గేటు పక్కనున్న కుట్టుచదువరి పలకకు ఆనిస్తున్నారు. పలక కాసేపు ఆలోచించినట్టు ఆగి, ఆకుపచ్చగా వెలిగి, దారి వదులుతోంది. సంచి ఇంట్లో మరిచిపోయి వచ్చిన ఉప్పు కంపెనీ గుమాస్తా ఒకాయన తన సొంత ఆఫీసు మెట్ల మీదే బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు.

నాంచారమ్మ కూతురి వెనకే నిలబడి ఆ పలకనే చూస్తోంది. ఆమె చేతిలో కూతురికని సర్దిన పెద్ద మూట. అందులో చింతకాయ పచ్చడి, వాంతుల మాత్రలు, రెండు దుప్పట్లు, ఒక ఈల.

"ఈల ఎందుకమ్మా?" అంది తరళ.

"నీళ్ళల్లో పడితే ఊదడానికి."

"నీళ్ళల్లో పడితే ఈల మూటలో ఉంటుందమ్మా, నా నోట్లో ఉండదు."

"అందుకేగా మెళ్ళో వేసుకోమంటున్నాను."

తరళకు ఇరవై రెండేళ్ళు. సముద్రంలో గాలిమరలు నడిపే తూర్పుగాలి సంస్థలో ఉద్యోగం వచ్చింది. తీరానికి ఎనభై కిలోమీటర్ల అవతల, నీళ్ళ మీద తేలే స్థావరంలో మూడేసి నెలలు ఉండాలి. పడవ ఏడున్నరకు. అది తప్పితే ఆ ఉద్యోగం జాబితాలో తర్వాతి పేరుకు పోతుంది.

తరళ తన సంచిని పలకకు ఆనించింది. అలల మీద మూడు రెక్కల గాలిమర, తూర్పుగాలి గుర్తు, నాంచారమ్మ స్వయంగా కుట్టింది. పలక చాలాసేపు ఆగింది. తర్వాత ఎర్రగా వెలిగింది.

"తొణుకు లేదు. యంత్రపు కుట్టు," అంది పలక.

ముఖాలకూ గొంతులకూ వేలిముద్రలకూ నకళ్ళు పుట్టుకొచ్చాక లోకానికి మిగిలిన నమ్మకం చేతికుట్టు ఒక్కటే. ఈ గుర్తులు కుట్టే ఎరుకదారాన్ని ఎంత బిగువున లాగితే అంత బిగువునే అది అప్పటికప్పుడు గట్టిపడిపోతుంది. మనిషి చెయ్యి ఏ రెండు కుట్లనూ ఒకేలా వెయ్యలేదు. ఊపిరి పీల్చినప్పుడు కాస్త, మనసులో మాట మారినప్పుడు కాస్త తొణుకుతుంది. యంత్రాలు ఎంత నేర్చినా ఆ తొణుకు వాటికి పట్టుబడలేదు. అందుకే ఒకప్పుడు కంపెనీలు తమ పేరు ఊరంతా తిరగాలని పంచిపెట్టిన సంచులే ఇప్పుడు తాళంచెవులై కూర్చున్నాయి. బందరులో మగ్గం పని తెలిసిన ఆడవాళ్ళకు చేతినిండా పని దొరికింది.

వాళ్ళందరిలోకీ నాంచారమ్మ చేతికి గిరాకీ ఎక్కువ. ఎందుకో ఆ మగ్గాల దగ్గర అందరికీ తెలుసు. ఆమెకు భయం. ఫోను మోగితే ఎవరికో ఏదో అయిందని భయం, మోగకపోతే చెప్పే మనిషి కూడా మిగల్లేదేమోనని భయం. ఆ భయాలన్నీ వేళ్ళ మీదుగా సూదిలోకి దిగేవి. పదకొండేళ్ళలో ఆమె కుట్టిన సంచి ఒక్కటీ తిరిగి రాలేదు.

తరళకు అది తెలుసు. అందుకే నెమ్మదిగా తల్లివైపు తిరిగింది.

"అమ్మా, కావాలని చేశావా?"

"ఏంటే ఆ మాట?"

"నేను వెళ్ళడం నీకిష్టం లేదు. మగ్గాల మేస్త్రీని బతిమాలి మరీ నా సంచి నువ్వే తీసుకున్నావు. ఎవరి సంచీ తిరిగి రాదు, నాదే వస్తుందా?"

గేటు దగ్గర కాపలా ఉండే ఖాజావలీ మధ్యలోకి వచ్చాడు. "అమ్మాయ్, మీ అమ్మని తర్వాత తీరిగ్గా తిట్టుకుందువుగాని. నకిలీ గుర్తని రాశానంటే ఇది పోలీసుల దాకా పోద్ది. కుట్టినావిడ ఇక్కడే ఉంది కాబట్టి ఒక దారుంది. నా కళ్ళముందే సంచికి రెండోవైపు గుర్తు మళ్ళీ కుట్టమను, లోపల నింపక్కర్లేదు, గీతలు చాలు. పలక ఒప్పుకుంటే నేనూ ఒప్పుకుంటా."

"పడవకు ఎంతసేపుంది బాబాయ్?" అంది తరళ.

"నలభై నిమిషాలు. నాకైతే చొక్కా గుండీ కుట్టుకోడానికే చాలదు."

నాంచారమ్మ అప్పటికే నడుముకు కట్టుకున్న చిన్న సంచిలోంచి బట్ట బిగించే రింగు, సూది, ఎరుకదారం ఉండ తీసింది. ఎక్కడ ఎవరి గుర్తు ఊడిపోతుందోనని అవి లేకుండా ఆమె వీధిలోకి రాదు. ఖాజావలీ వేసిన కుర్చీలో కూర్చుని మొదటి రెక్క మొదలుపెట్టింది.

కావాలని చేయలేదు. అది మాత్రం ఆమెకు తెలుసు. ఆ సంచి కుట్టిన నాలుగు రోజులూ ఆమె ఏనాడూ లేనంత నెమ్మదిగా ఉంది. అక్కడ గదిలో కూర్చుని తెర చూడటమే పని అని తరళ చెప్పింది. ఏసీ ఉంటుందంది. సముద్రం కిటికీలోంచి కనిపించడమే తప్ప కాలికి తడి కూడా అంటదంది. నాంచారమ్మ నమ్మింది. పుట్టి బుద్ధెరిగాక ఒక మాటను అనుమానించకుండా నమ్మడం ఆమెకు అదే మొదలు. కుట్లు ఒకదాని పక్కన ఒకటి ఇస్త్రీ చేసినట్టు పడుతుంటే, పక్క మగ్గం ఆవిడను పిలిచి మరీ చూపించింది.

ఒక రెక్క పూర్తయ్యింది. ఖాజావలీ చేతిపలక ఆనించి చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇదీ అంతే అక్కా. గీత గీసినట్టుంది."

నాంచారమ్మ చెయ్యి కొంచెం వణికించి ఇంకో కుట్టు వేసింది.

"కావాలని ఊపితే దానికి తెలిసిపోద్ది. నాటకాల చేతులకు వేరే దీపం ఉంది," అన్నాడు ఖాజావలీ.

ఆమె సూది ఆపింది. చెయ్యి ఎందుకు నిలకడగా ఉందో అప్పుడు తెలిసింది, తెలిసి సిగ్గుపడింది. కూతురి నింద గుచ్చుకున్న మాట నిజమే. కానీ ఎర్రదీపం వెలగగానే ఆమె గుండె హమ్మయ్య అని కుదుటపడింది. పడవ వెళ్ళిపోతుంది. పిల్ల ఇంటికి వస్తుంది. మధ్యాహ్నం ఎదురుగా కూర్చుని అన్నం తింటుంది. ఇప్పుడు తను చేయాల్సిందేమీ లేదు. ఇలాగే చక్కగా కుట్టుకుంటూ పోతే చాలు. పలకే కాదంటుంది, తనను ఎవరూ అనరు.

తరళ గేటు ఇవతల గట్టు మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. పడవలోకి ఎక్కుతున్న వాళ్ళను ఒక్కొక్కరినే చూస్తోంది, వాళ్ళ పేర్లు ముందే తెలిసినదానిలా.

నాంచారమ్మ కాసేపు ఆ వీపునే చూసింది.

"అమ్మడూ, ఇలా రా. అక్కడ నీ పనేంటి?"

"చెప్పాగా. గదిలో..."

"అది నమ్మి కుట్టబట్టే ఇలా వచ్చింది. నిజం చెప్పు. నువ్వు చెప్తుంటే నేను కుడతాను."

తరళ తల్లి చేతివైపు చూసింది. అర్థమైంది. వచ్చి కుర్చీ పక్కన కూర్చుంది.

"గది ఉందమ్మా. పడుకోడానికి. పని రెక్కల మీద."

"ఎంత ఎత్తు?"

"మన వీధి దీపం స్తంభం మీద స్తంభం పెట్టుకుంటూ పోతే పదిహేను."

పాత రెక్క కత్తిరించేసిన చోటే సూది మళ్ళీ దిగింది.

"పట్టుకోడానికి?"

"నడుముకు రెండు తాళ్ళు. ఒకటి తెగితే ఇంకోటి."

"రెండోది తెగితే?"

"తెగదమ్మా."

"ఎవరిదీ తెగలేదా?"

తరళ గొంతు తగ్గింది. "కిందటేడు ఒకబ్బాయిది. కింద కట్టిన వల మీద పడ్డాడు. కాలు విరిగింది."

"పేరు?"

"పేరెందుకమ్మా?"

"చెప్పు."

"సుధీరుడు."

రెండో రెక్క అయ్యింది. ఆ సుధీరుడి తల్లి ఎవరో, ఆ కబురు ఆమెకు ఎవరు చెప్పారో, అప్పుడు ఆమె చేతిలో ఏముందో నాంచారమ్మకు కళ్ళకు కట్టినట్టు కనిపించసాగింది.

"తుఫానొస్తే?"

"గాలిమర స్తంభం లోపల కూర్చోవాలి. ఊగుతుంది. ఒక్కోసారి మూడు రోజులు."

"ఫోను?"

"అప్పుడు పలకదు."

మూడో రెక్క, తర్వాత అలలు. ఇప్పుడు ఆమె ఏదీ ఊహించుకోనక్కర్లేదు. ఉన్నదే చాలినంత ఉంది. ఒకచోట సూది వేలికి దిగినా ఆపలేదు. చివరి అల దగ్గర దారం పంటితో తెంపి సంచిని ఖాజావలీకి ఇచ్చింది.

పలక ఆనించీ ఆనించగానే ఆకుపచ్చగా వెలిగింది.

"నా సర్వీసులో ఇంత తొణుకు చూళ్ళేదక్కా," అన్నాడతను. "పలక కూడా జడుసుకున్నట్టుంది."

పడవ కూత వేసింది. తరళ సంచీ మూటా అందుకుంది, కానీ కదల్లేదు.

"కుట్టడం ఆపేసి ఉంటే ఉండిపోయేదాన్ని కదమ్మా."

"ఉండి రోజూ ఆ పడవ వంకే చూసేదానివి. వెళ్ళు, పడవ మెట్టు తీసేస్తున్నారు."

గేటు దాటింది తరళ. అవతల నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చి ఊచలు పట్టుకుంది. అప్పటిదాకా తల్లికి కనపడకుండా దాచుకొచ్చిన ముఖం అది.

"ఇంకొకటి దాచానమ్మా. నాకూ భయంగా ఉంది."

నాంచారమ్మ ఊచల మధ్యనుంచి చెయ్యి పెట్టి కూతురి చెయ్యి పట్టుకుంది. ఎవరి చెయ్యి వణుకుతోందో ఇద్దరికీ తెలియలేదు.

"భయపడు తల్లీ," అంది. "భయపడేవాళ్ళు తాడు ముడి రెండుసార్లు చూసుకుంటారు."