టేపు వచ్చేలోగా

“నీ చెల్లెలి ముఖం ఈ సాయంత్రానికి అమ్ముడుపోతుంది,” అన్నాడు చీఫ్, టీలో చక్కెర కలుపుకుంటూ.

తాబేలు కుర్చీలోంచి కదల్లేదు. డిపార్ట్‌మెంట్‌లో అతనికి ఆ పేరు ఊరికే రాలేదు.

“శత్రుదేశంలో మారుపేరుతో ఉందిగా. ముఖం కనిపించే ట్రైనింగ్ వీడియో ఒక్కటే, మన సర్వర్లో ఉంది. దానికోసం ఆఫీసులో ఒక డబుల్ ఏజెంట్ దూరారు. ఎవరో తెలీదు. ఆ ఫైలు ఎవరు తెరిస్తే వాళ్ళే. ఏసీ మెకానిక్‌లా వెళ్ళు. ఫోన్లో ‘ఫిల్టర్ మార్చాలి’ అంటే గార్డులొస్తారు.”

సర్వర్లోని పాత ఫైళ్ళని దాచే టేపుల గదిని ఏలేది అందరూ అత్తయ్య అని పిలిచే ఆపరేటరు. గదిలో అడుగుపెడుతూనే తాబేలు పాత ఫైళ్ళ ఫోల్డర్ని ప్రివ్యూ బొమ్మలతో తెరవబోయి చీవాట్లు తిన్నాడు.

“సర్వర్లో కనిపించేది వట్టి పెంకు నాయనా. పేరుంటుంది, సైజుంటుంది, లోపల గుజ్జుండదు. అసలుది టేపులో ఉంటుంది. తెరిస్తే ఆ రోబో చెయ్యి వెళ్ళి తేవాలి. నువ్వు బొమ్మలు చూస్తానంటే నాలుగొందల ఫైళ్ళూ దిగాలి. టేపు చదివే డ్రైవు ఉన్నది ఒక్కటే.”

మధ్యాహ్నం రోబో చెయ్యి కదిలింది. తెర మీద చెల్లెలి ఫైలు. అడిగింది రెండో అంతస్తులోని ఆడిటర్ మేడమ్. ఆమె నడిచొస్తుంటే క్లర్కులు కూడికలు మరిచిపోయేవారు.

“రెండో అంతస్తు, ఆడిటర్ మేడమ్ గదిలో ఫిల్టర్ మార్చాలి,” అన్నాడు తాబేలు ఫోన్లో.

“వెనక గేటు దగ్గరున్నాం సార్. కాస్త టైం పడుతుంది.”

“పవర్ పీకేద్దామా అత్తయ్యా?”

“పీకితే పసిగట్టి పారిపోదూ?”

రోబో చెయ్యి పట్టుకున్న టేపును మళ్ళీ అరలో పెట్టేసింది. మేడమ్ క్యాన్సిల్ కొట్టింది.

“అందరూ ఇంతే,” అంది అత్తయ్య. “తెర కదలకపోతే మెషిన్ చచ్చిందనుకుంటారు. చూడు, మళ్ళీ అడుగుతుంది.”

తాబేలు వేలు ప్రివ్యూ బటన్ మీద పడింది. నాలుగొందల ఫైళ్ళు క్యూ కట్టాయి. మరుక్షణం మేడమ్ మళ్ళీ అడిగింది. అన్నిటికన్నా వెనక నిలబడింది.

కానీ అవన్నీ చిన్న ఫైళ్ళు. క్యూ మంచులా కరుగుతోంది. వంద. ముప్పై. నాలుగు. మెట్ల మీద బూట్ల చప్పుడు లేదు. చెయ్యి చెల్లెలి టేపు తీసి డ్రైవులో పెట్టింది. తాబేలు ప్లగ్గు పట్టుకున్నాడు.

తెర మీద ఒక లైను మెరిసింది: ‘రిక్వెస్ట్ క్యాన్సిల్ అయింది.’

మేడమ్ ఓపిక అక్కడికి అయిపోయింది. ఆమె మూడోసారి క్లిక్ చేసేలోగా ఫోన్ మోగింది. “ఫిల్టర్ మార్చేశాం సార్.”

బేడీలతో వెళ్తూ మేడమ్ టేపుల గదిలోకి తొంగిచూసింది. “ఇంత స్లో మెషిన్ ఎలా భరిస్తున్నారండీ?”

“కూర్చుని,” అన్నాడు తాబేలు, లేచి బయల్దేరుతూ.

“ఎక్కడికి?” అంది అత్తయ్య. “నువ్వు దింపించిన నాలుగొందలూ మళ్ళీ టేపుల్లోకి ఎవరు సర్దుతారు?”

తాబేలు మళ్ళీ కూర్చున్నాడు.